స్టెబిలైజర్ టకటకలాడుతోందా?

వేసవిలో సాయంత్రం ఏడయ్యేసరికి వీధిలో ఏసీలన్నీ ఒక్కొక్కటిగా ఆన్ అవుతాయి. ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజర్ టక్‌మంటుంది. కాసేపటికి మళ్లీ టక్. ట్యూబులైటు మసకబారి తేరుకుంటుంది. ‘ఇది పోయినట్టుంది, కొత్తది కొనాల్సిందే’ అని ఇంట్లో తీర్మానమైపోతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ మాత్రం వచ్చీ రాగానే పెట్టె విప్పడు. గోడ సాకెట్‌లో మల్టీమీటర్ ప్రోబులు పెట్టి చూస్తాడు. ముందు లైను, తర్వాత పెట్టె, ఆఖరున లోడు... ఈ వరస తప్పితే బాగున్న స్టెబిలైజర్ మూలనపడుతుంది, పాడైన వైరింగ్ గోడలోనే ఉండిపోతుంది.

ఆ చప్పుడు ఎక్కడిది?

మన ఇళ్లకు అందాల్సింది 230 ఓల్టులు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు అందులో 6 శాతం హెచ్చుతగ్గులనే ఒప్పుకున్నాయి. అంటే దాదాపు 216 నుంచి 244 వరకు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లకు ఆ లెక్క ఎప్పుడూ కాగితం మీదిదే. ఆ లోటు మీదే ఒక పరిశ్రమ ఎదిగింది. ఇప్పుడు ఫ్యాన్లూ పంపులూ అమ్ముతున్న వీ-గార్డ్ 1977లో కొచ్చిలో మొదలైంది స్టెబిలైజర్లతోనే.

పెట్టెలో ఉండేది ఒక ఆటోట్రాన్స్‌ఫార్మర్. దాని కాయిల్‌కు మధ్యమధ్యలో ట్యాపింగులు తీసి ఉంటాయి. చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి వచ్చే కరెంటును కనిపెట్టుకుని ఉండి, ఓల్టేజీ తగ్గితే ఒక ట్యాపింగ్‌కు, పెరిగితే మరో ట్యాపింగ్‌కు రిలేతో కలుపుతుంది. మరీ హద్దు దాటితే సరఫరానే ఆపేస్తుంది. రిలే మారినప్పుడు వచ్చేదే ఆ టక్. కాబట్టి చప్పుడు వచ్చినంత మాత్రాన జబ్బు కాదు, అది పని చేస్తోందనే అర్థం. ఊరికే మోగుతుంటేనే అనుమానించాలి.

ముందు లైను

ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి సాకెట్ దగ్గర రీడింగ్ తీసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు 225 చూపించి, ఏసీ అందుకోగానే 180కి జారిపోతే దారిలో ఎక్కడో జాయింట్ వదులైనట్టే. అల్యూమినియం సర్వీసు వైరును రాగి తీగకు చుట్టి వదిలేసిన చోట, మీటరు బోర్డులో, కటౌట్‌లో, స్తంభం మీద ఇలాంటివి ఎక్కువ. వేడెక్కి, నల్లబడి, నిరోధం పెరుగుతూ పోతుంది. పక్కింట్లోనూ అదే సమయంలో అంతే పడుతుంటే మాత్రం చూడాల్సింది మన ఇంటిని కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ని.

స్టెబిలైజర్ విద్యుత్తును పుట్టించదు. ఓల్టేజీ పెంచి ఇస్తుందంటే లైను నుంచి ఆ మేరకు ఎక్కువ కరెంటు గుంజుకుంటుందన్నమాట. 230 ఓల్టుల దగ్గర వెయ్యి వాట్లకు 4.35 ఆంపియర్లు చాలు. 160 దగ్గర అదే పనికి 6.25 కావాలి. సన్నటి వైరులో అంత పారితే చివర ఓల్టేజీ ఇంకా పడుతుంది. వీధిలో ప్రతి ఇంటా స్టెబిలైజర్ బూస్ట్‌లో ఉంటే లైను మరింత కుంగుతుంది.

ఇంకో లక్షణం కనిపిస్తే పరీక్షలు పక్కనపెట్టి మెయిన్ ఆపేయాలి. త్రీఫేజ్ ఇంట్లో ఒక గదిలో లైట్లు మసకగా, మరో గదిలో భగ్గున వెలుగుతుంటే న్యూట్రల్ వదులైంది. అప్పుడు లోడు తక్కువున్న ఫేజు మీద ఓల్టేజీ 400కు చేరువగా వెళ్లగలదు. దాన్ని స్టెబిలైజర్ ఆపుతుందన్న భరోసా లేదు.

తర్వాత పెట్టె

ఇన్‌పుట్ సరిగ్గా ఉండి, అవుట్‌పుట్ సున్నా చూపిస్తే కంగారు పడకుండా మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే తిప్పితే గ్యాస్ ఒత్తిడి సమంకాక మోటారు బిగుసుకుపోతుంది. అందుకే చాలా స్టెబిలైజర్లలో టైమ్ డిలే పెడతారు. ఆ గడువు దాటినా రాకపోతే అప్పుడు రిలేను చూడాలి.

రిలే మూత తీస్తే లోపల వెండిరంగు బిళ్లలు రెండు ఎదురెదురుగా కనిపిస్తాయి. కంప్రెసర్ అందుకునేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు పారుతుంది. ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. కొన్నేళ్లకు బిళ్ల నడుమ గుంత పడి, అంచు మసిబారుతుంది. ఇక కరెంటు సరిగ్గా అందదు. లేదా రెండు బిళ్లలూ కరిగి అతుక్కుపోతాయి. ఇది మరీ ప్రమాదం. 20 శాతం పెంచే బూస్ట్‌లో అతుక్కుంటే, లైను కోలుకుని 230 వచ్చిన రాత్రి ఫ్రిజ్‌కు 276 ఓల్టులు తగులుతాయి. ఉప్పుకాగితంతో రుద్దితే నాలుగు రోజులు నడుస్తుందిగానీ, పైపూత పోయి మళ్లీ అదే తంతు. అదే రేటింగ్ ఉన్న కొత్త రిలే వేయడమే మందు.

లైను స్థిరంగా ఉన్నా రిలే టకటకమంటుంటే బోర్డు మీద కెపాసిటర్ చూడాలి. దాని నెత్తి ఉబ్బి ఉంటే రిలేకు అందే 12 ఓల్టుల డీసీ తడబడుతోందని గుర్తు. అది కాకపోతే డ్రై సోల్డర్. భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ వెంట్రుకవాసి వలయంలా పగులు కనిపిస్తుంది. సోల్డరింగ్ ఐరన్ ఒక్కసారి పెడితే చాలు.

వార్నిష్ కాలిన వాసన వస్తే మెకానిక్ సిరీస్ బల్బు తీస్తాడు. నూరు వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ద్వారా స్టెబిలైజర్‌కు కరెంటిస్తాడు. లోడు లేని మంచి కాయిల్ అయితే ఫిలమెంట్ ఎర్రగా మినుకుమంటుంది. ఫుల్లుగా వెలిగితే లోపల షార్ట్. ఎల్‌ఈడీ బల్బు ఈ పరీక్షకు పనికిరాదు. పెద్ద దుకాణాల్లో వాడే, రిలేలకు బదులు మోటారుతో బ్రష్‌ను జరిపే సర్వో రకంలో అయితే మొదటి అనుమానం ఆ కార్బన్ బ్రష్ మీదే.

ఇవన్నీ తెలిసినవాళ్లు చేయాల్సిన పనులు. ఆటోట్రాన్స్‌ఫార్మర్‌లో లోపలికొచ్చే కరెంటుకూ బయటికెళ్లే కరెంటుకూ మధ్య అడ్డు లేదు. స్విచ్చి ఆపినా సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉంటే పెట్టె లోపల కరెంటు ఉన్నట్టే. ప్లగ్ పీకకుండా మూత తీయొద్దు.

ఆఖరున లోడు

ఫ్రిజ్ స్టెబిలైజర్‌కు ఇస్త్రీపెట్టె తగిలిస్తే కాయిల్ కాలక మానదు. రిపేరుకు తీసుకెళ్లినవాళ్లు ‘ప్రస్తుతానికి డైరెక్ట్ ఇచ్చాం’ అంటే ఆ వారమే ఫ్రిజ్‌కు గండం. చాలా ఇన్వర్టర్ ఏసీలు విస్తృతమైన ఓల్టేజీ పరిధిలో పనిచేస్తాయి. ఏసీతో వచ్చిన పుస్తకంలో ఆ పరిధి చూసుకుని, ఇంటి రీడింగులు అందులోనే ఉంటే స్టెబిలైజర్ ఖర్చు తప్పినట్టే.

ఇక లోపం లైనులోదేనని తేలితే 1912కు ఫోన్ చేయొచ్చు. విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కమ్‌ల) సేవా ప్రమాణాల్లో ఓల్టేజీ ఫిర్యాదులకూ గడువు, దాటితే పరిహారం ఉన్నాయి. అయితే ఫోన్ చేసేముందు వారం పాటు రాత్రి రీడింగులు తేదీ, టైముతో రాసి పెట్టుకోవాలి. లైన్‌మన్ వచ్చేది పొద్దున పదకొండింటికి. ఆ వేళకు అతని మీటరు 230 చూపిస్తుంది. ఆ రాతే లేకపోతే తప్పంతా మళ్లీ స్టెబిలైజర్ మీదికే వస్తుంది.