హార్మోనియం పట్టిన చేతికి కంప్యూటర్ కొత్త కాదు
అప్పు చేయకుండానే సింథసైజర్ నేర్చుకునే దారి

హిందూపురం: పల్లెలో నాటకమంటే తెర లేవకముందే హార్మోనియం పలకాలి. శ్రుతి అందితేనే కృష్ణుడి గొంతు విచ్చుకుంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి పెరిగినవారికి ఇది తెలిసిన సంగతే. తరువాత అదే వేదిక మీదికి ఎలక్ట్రానిక్ కీబోర్డు ఎక్కింది. ఇప్పుడు ఆ కీబోర్డులోని స్వరాలు, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్వరాలు, మామూలు కంప్యూటరులోకి వచ్చి చేరాయి.

వీటినే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు అంటారు. వీటిలో పైసా ఖర్చు లేకుండా దొరికేవి కూడా చాలా వున్నాయి. అయినా కీబోర్డు నేర్వాలనుకునే కుర్రవాడికి ముందుగా తోచేది అప్పు చేసి ఖరీదైన వాద్యం కొనడమే. పెళ్ళిళ్ళు, జాతరలు వుండేది ఏడాదిలో కొన్ని నెలలే. వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. చివరికి వాద్యాన్ని సగం ధరకు అమ్ముకోవలసి వస్తే చేతిలో మిగిలేది అప్పు పత్రమే. నేర్చుకోవడానికి ఆ అప్పు అవసరం లేదు.

గమకం పలకని పెట్టె

ఈ ప్రాంతానికి సంగీత నాటకంతో సంబంధం ఈనాటిది కాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలోనే పుట్టారు. బళ్ళారిలో సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించారు. తెలుగు రంగస్థలం మీద పాటకూ, రాగం తీసి చదివే పద్యానికీ పెద్దపీట వేసిన తొలి తరంలో ఆయన ముఖ్యులు.

ఆ రాగానికి తోడు నిలిచిన హార్మోనియం మాత్రం పరాయి దేశపుది. 1840 ప్రాంతంలో పారిస్‌లో రూపు దిద్దుకుంది. కలకత్తాలో చేతితో తిత్తి కొట్టే పెట్టెగా మారి దేశమంతా వ్యాపించింది. దీనికి ఒక లోపం వుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరాన్ని జార్చలేదు. మన సంగీతానికి ప్రాణమైన గమకం దీనిలో పలకదన్న విమర్శతో 1940లో రేడియోలో దీన్ని నిషేధించారు. ఆ నిషేధం సడలింది 1971లోనే.

సింథసైజరుకు ఆ ఇబ్బంది లేదు. ఎడమచేతి పక్కనుండే చిన్న చక్రాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. హార్మోనియం వాయించే చేయి ఇన్నేళ్ళుగా కోరుకున్నది ఇదే.

ఏడక్షరాల తాళం ఇంగ్లండులోనూ

1960ల చివర ఇంగ్లండులో ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతం పుట్టింది. మూడు నిమిషాల పాట చాలదని, పావుగంట, ఇరవై నిమిషాలు సాగే రచనలు చేశారు. నాలుగు దెబ్బల నడకతో సరిపెట్టుకోక ఐదు, ఏడు దెబ్బల నడకలు పట్టారు. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ బృందం పాట 'మనీ' చాలావరకు ఏడు దెబ్బల మీదే నడుస్తుంది. మన మిశ్రచాపు ఏడక్షరాలే. ఖండచాపు ఐదు. భజన మందిరంలో తాళం వేసిన పిల్లవాడికి ఈ లెక్క కొత్తగా నేర్పనక్కరలేదు.

ఈ సంగీతంలో కీబోర్డు వాయించేవారిది ముఖ్యస్థానం. కీత్ ఎమర్సన్, రిక్ వేక్‌మన్ వంటివారు వేదిక మీద తమ చుట్టూ వాద్యాలను కోటగోడలా పేర్చుకునేవారు. వాటిలో హామండ్ ఆర్గాన్ ఒకటి. దాని పెద్ద రకం సుమారు 190 కిలోల బరువు. మెల్లోట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క వుండేది. మెట్టు నొక్కి పట్టినా ఎనిమిది సెకన్లకు టేపు అయిపోయేది. ఇక మూగ్ సింథసైజరుతో ఎమర్సన్ 1970లో 'లక్కీ మ్యాన్' పాట చివర స్వరాలను జార్చి వాయించిన తీరు ఈనాటికీ కీబోర్డు నేర్చేవారికి పాఠమే. లారీకెత్తవలసిన ఆ సామానంతటి పనీ ఈనాడు చేతిసంచిలో పట్టే కంప్యూటరు చేస్తున్నది.

తెలుగువారి చెవికీ ఈ ధ్వనులు పాతవే. 1980లలో రాజ్-కోటి పాటల్లో సింథసైజర్లు జోరుగా మోగాయి. వారి దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే తరువాత 1992లో 'రోజా'తో సంగీత దర్శకుడైన ఎ.ఆర్.రెహమాన్.

లోపల ఏముంది?

సింథసైజర్‌ను హార్మోనియంతో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. హార్మోనియంలో ధ్వని పుట్టించేది ఇత్తడి నాలుక. సింథసైజరులో ఆ పని చేసేది ఆసిలేటర్. రంపపు పళ్ళ ఆకారపు అల అయితే కరకుగా, చతురస్రపు అల అయితే బ్యాండు మేళంలో క్లారినెట్‌లా బోలుగా, నున్నటి అల అయితే మురళికి దగ్గరగా పలుకుతుంది.

రెండోది ఫిల్టర్. పక్కింట్లో రేడియో మోగుతుండగా తలుపు మూస్తే శబ్దం మందగిస్తుంది, తెరిస్తే విచ్చుకుంటుంది. ఫిల్టర్ చేసేది ఈ తలుపు పనే.

మూడోది ఎన్వెలప్. మెట్టు నొక్కగానే ధ్వని ఒక్కసారిగా రావాలా, మెల్లగా పెరగాలా, వేలు తీశాక ఎంతసేపు నిలవాలి అన్నది ఇది నిర్ణయిస్తుంది. హార్మోనియంలో తిత్తి కొట్టే ఎడమచేయి చేసే పనికి ఇది దగ్గర. నాలుగోది ఎల్ఎఫ్ఓ. స్వరానికి వణుకు తెప్పించేది ఇదే. ఈ నాలుగింటి పని తెలిస్తే ఏ సింథసైజర్ ముందు కూర్చున్నా బెదురు వుండదు.

ఏమేమి కావాలి?

ఇంట్లో ఎనిమిది జీబీ మెమరీ వున్న పాత కంప్యూటర్ వుంటే చాలు. పాత కీబోర్డు వెనుక యుఎస్‌బి లేక మిడి రంధ్రం వుందేమో చూడాలి. వుంటే కొత్తది కొననక్కరలేదు, తగిన తీగతో కంప్యూటరుకు కలపవచ్చు. లేకపోతే సొంతంగా ధ్వని లేని చిన్న మిడి కీబోర్డు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. రైలెక్కి బెంగుళూరు వెళ్ళివచ్చేవారు అక్కడి అంగళ్ళలో వాయించి చూసి మరీ కొనవచ్చు.

మిడి అనేది 1983లో అమలులోకి వచ్చిన పద్ధతి. తీగ గుండా పోయేది ధ్వని కాదు, కబురు మాత్రమే. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు అందుకుని కంప్యూటర్ ధ్వనిని తయారు చేస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. సర్జ్ ఎక్స్‌టి పూర్తిగా ఉచితం. వైటల్‌కు ఉచిత రకం వుంది. 1983లో వచ్చిన యమహా డిఎక్స్7 ధ్వనులు కావాలంటే డెక్స్‌డ్, హామండ్ ఆర్గాన్ కావాలంటే సెట్‌బిఫ్రీ వున్నాయి. వీటిని వాటిని తయారు చేసినవారి దగ్గరినుంచే తెచ్చుకోవాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు తాళం పగలగొట్టి ఎవరో పంచేవాటి జోలికి పోరాదు. వాటితోపాటు వైరస్ వచ్చి కంప్యూటర్ మొత్తం పాడయ్యే ప్రమాదం వుంది.

మొదటి చిక్కు: ఆలస్యం

మెట్టు నొక్కిన తరువాత ధ్వని కాస్త ఆగి వస్తే చాలామంది అక్కడే నిరాశపడి వదిలేస్తారు. తప్పు వేలిది కాదు, అమరికది. కంప్యూటర్ ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపుతుంది. ఆ పోగునే బఫర్ అంటారు. సెకనుకు 48,000 నమూనాల లెక్కన బఫర్ 1024 వుంటే 21 మిల్లీసెకన్లు ఆలస్యం, 256 వుంటే ఐదు పైచిలుకు మాత్రమే. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఐదు మిల్లీసెకన్లు ఆరడుగుల దూరంలోని డోలు వినడంతో సమానం. ఎవరికీ తెలియదు.

విండోస్ కంప్యూటరులో ఇందుకు ఆసియో డ్రైవర్ వాడాలి. ఆసియో4ఆల్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. బఫర్ మరీ తగ్గిస్తే చిటపటలు వినిపిస్తాయి, అప్పుడు ఒక మెట్టు పెంచాలి. బ్లూటూత్ హెడ్‌ఫోనుతో మాత్రం సాధన చేయరాదు. అందులో ఆలస్యం ఎక్కువ. తీగ వున్నదే మేలు.

పెనుకొండ ఎక్కినట్టు

ఈ సాఫ్ట్‌వేర్లలో ముందే తయారుచేసి పెట్టిన ధ్వనులు వందల్లో వుంటాయి. ఒకటి తరువాత ఒకటి వింటూ పోతే పొద్దు గడుస్తుంది కానీ విద్య రాదు. పెనుకొండ కోట ఎక్కేవాడు మెట్టు మీద చూపు పెట్టాలి, కొండంతా చూస్తే గుండె జారుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్ పట్టుకుని, ఖాళీ ధ్వనితో మొదలు పెట్టడం మంచి పద్ధతి. మొదటి వారం అల, ఫిల్టర్. రెండో వారం ఎన్వెలప్. మూడో వారం చక్రంతో మోహన రాగంలో స్వరాలు జార్చడం. నాలుగో వారం ఎడమచేత్తో ఏడక్షరాల నడక పట్టి, కుడిచేత్తో స్వరం అల్లడం.

శ్రుతి మార్చడం కూడా చిన్న పనే. ఒకటో శ్రుతిలో నేర్చిన వరుసను నాలుగో శ్రుతికి ఎత్తాలంటే ట్రాన్స్‌పోజ్ అంకెను ఐదుకు మారిస్తే సరి. వేళ్ళ వరుస మారదు. అయితే దీనికే అలవాటు పడితే వేరే వాద్యం ముందు చేతులు కట్టేసినట్టవుతుంది. అన్ని శ్రుతులలో సాధన మానరాదు.

మగ్గం అట్టలు, మనిషి చేయి

వాయించినదాన్ని కంప్యూటరులో దాచి, తిరిగి దానితోనే మోగించవచ్చు. తెర మీద నిలువున స్వరం, అడ్డంగా కాలం గళ్ళుగా కనిపిస్తాయి. ధర్మవరం నేతగాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు. జాకార్డు అట్టల మీది రంధ్రాలు ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పినట్టే, ఈ గళ్ళు ఏ స్వరం మోగాలో కంప్యూటరుకు చెబుతాయి.

తేడా ఒక్కటే వుంది. అట్ట ఎవరికోసమూ ఆగదు. పద్యం చివర నటుడు ఊపందుకుని రాగం మరో రెండు ఆవృత్తాలు సాగదీస్తే, జనం 'వన్స్ మోర్' అంటే, ముందే నింపి పెట్టిన సంగీతం తన దారిన తాను పోతుంది. నటుడి ముఖం చూసి, ఊపిరి కనిపెట్టి, ఆగి అందుకునేది మనిషి చేయే. మీట నొక్కి వూరుకునేవాడి స్థానంలో రేపు మరో యంత్రం వస్తుంది. వెంట నడిచే చేతికి బదులు దొరకదు.

వేదిక మీదికి వెళ్ళేటప్పుడు ఇంటర్నెట్ ఆపివేసి, బ్యాటరీ నిండా ఎక్కించుకుని పోవాలి. ఊళ్ళో కరెంటు పోవచ్చు, కంప్యూటర్ మొరాయించవచ్చు. అందుకని హార్మోనియంను అటక ఎక్కించక, పక్కనే వుంచుకోవడం మంచిది.