తొమ్మిదవ ఎక్కము, పదవ ఎక్కము

విజయవాడ ఆకాశవాణి కేంద్రము మధ్యమ తరంగములపై చిరకాలము వినిపించిన స్థానము 837 కిలోహెర్ట్జ్. హైదరాబాదుది 738, విశాఖపట్నముది 927, కడపది 900. ఈ సంఖ్యలను తొమ్మిదితో భాగించి చూడవచ్చును. ఒక్కదానికిని శేషము మిగలదు. న్యూయార్కు నగరమున పేరొందిన స్థానములు 660, 770, 880. అవి తొమ్మిదికి లొంగవు, పదికి లొంగును.

అమెరికా విపణికై తయారై, పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున అంగలు వేయు అంకెల రేడియోను ఎవరైనను ఆంధ్రదేశమునకు తెచ్చినచో, అది 830 చూపును, పిమ్మట 840 చూపును. నడుమనున్న విజయవాడపై నిలువదు. వినబడిన మాటయు బొంగురుపోయి వినబడును. విచిత్రమేమనగా, కడప మాత్రము చక్కగా దొరకును. 900 రెండు ఎక్కములలోను ఉన్నది గదా! ముల్లు తిప్పెడి పాత రేడియోలకు ఈ బాధ లేదు. వాటికి ఎక్కములు రావు. చెవికి ఇంపైన చోట ఆగుటయే వాటి విద్య.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచమును మూడు మండలములుగా విభజించినది. ఐరోపా, ఆఫ్రికాలు మొదటిది, అమెరికాలు రెండవది, భారతదేశము, జపాను, ఆస్ట్రేలియా మున్నగునవి మూడవది. రెండు కేంద్రముల పౌనఃపున్యములు 3 కిలోహెర్ట్జ్ తేడాతో ఒకే రేడియోలో పడినచో, ఆ తేడాయే సన్నని ఈలయై చెవిని పొడుచును. పగలు దగ్గరకే పరిమితమగు మధ్యమ తరంగములు రాత్రివేళ అయానోస్ఫియరునుండి పరావర్తనము చెంది వందల మైళ్ల ఆవల దిగును. కావున ఇరుగుపొరుగు దేశములకు ఒకే కొలత తప్పదు. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందము మొదటి, మూడవ మండలములకు తొమ్మిదింటి లెక్కను నిర్ణయించగా, 1978 నవంబరు 23న అది అమలయినది. ఆనాడే టోక్యో కేంద్రము 590 నుండి 594కు జరిగినది. సముద్రముల ఆవలనున్న అమెరికాలు పదింటి లెక్కను విడువలేదు.

ఎఫ్.ఎం. విషయమున తేడా ముఖ్యముగా పొలము గట్లది. సోవియట్ దేశము సుమారు 66 నుండి 74 మెగాహెర్ట్జ్ వరకు వాడుకొన్నది. జపాను 76 నుండి 90 వరకు ఉంచి, ఇటీవల 95కు పెంచినది. జపానులో వాడి, కెన్యా వంటి దేశములకు అమ్మిన కార్లలోని పాత రేడియో 90 వద్దనే ఆగును. ఆ పై కేంద్రములు వినవలెనన్న, తరంగమును క్రిందికి దింపు చిన్న పరికరమును తగిలింపవలెను.

ఇట్టి గట్టు మార్పువలన మిక్కిలి నష్టపడినవాడు ఎఫ్.ఎం. సృష్టికర్త ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. అమెరికాలో మొదట ఎఫ్.ఎం.కు 42 నుండి 50 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించిరి. సూర్యబింబముపై మచ్చలు హెచ్చిన కాలమున ఆ తరంగములు దూరదేశములకు ఎగిరి చిక్కులు తెచ్చునని కొందరు భయపడిరి. 1945లో ప్రభుత్వ సంఘము ఎఫ్.ఎం.ను 88–108కి తరలించినది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఎంత వాదించినను లాభము లేకపోయెను. జనులు డబ్బు పెట్టి కొన్న లక్షల రేడియోలు క్రమముగా మూగవోయినవి. ఎఫ్.ఎం. ఎదుగుదల ఏండ్ల తరబడి కుంటుపడినది. పేటెంటు వ్యాజ్యములతో అలసిన ఆయన 1954లో ప్రాణము తీసుకొనెను. ఆయన భార్య ఆ వ్యాజ్యములను విడువక నడిపి, 1967 నాటికి గెలిచినది.

1977లో మద్రాసున మన ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారములు ఆరంభించినది. ఈనాడు మన ఎఫ్.ఎం. కేంద్రములు పలుకుచున్నది, ఆయన వలదన్న ఆ 108 మెగాహెర్ట్జ్ గట్టు లోపలి పొలముననే.