జిమ్‌లో మోత.. చెవికి వాత!

తెల్లవారుజామున ఐదు గంటలు. ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. ఇంతలో పై అంతస్తులో ‘ధబ్‌’మని బరువు పడుతుంది. ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడుతుంది. పైన జిమ్‌ ఉన్న ఇళ్లలో ఇది రోజూ ఉండే గొడవే.

విజయవాడలో బెంజ్‌ సర్కిల్‌ నుంచి పటమట మీదుగా ఆటోనగర్‌ దాకా రోడ్డంతా వాహనాల రొదే. ఇలాంటి చోట దుకాణాల పైన, ఇళ్లను ఆనుకుని జిమ్‌ పెడితే ఇబ్బంది రెండు వైపులా ఉంటుంది. లోపల కసరత్తు చేసేవారి చెవులకు ఒకటి, పక్కింటివారి నిద్రకు ఇంకొకటి.

చెవికీ ఓ లెక్కుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే. 100కు చేరితే 20 నిమిషాలే! అంటే 90 డెసిబెల్స్‌ మోతలో రోజుకో గంట చొప్పున ఆరు రోజులు వ్యాయామం చేస్తే హద్దు దాటేసినట్లే. రోజంతా అక్కడే ఉండే ట్రైనర్ల సంగతి చెప్పక్కర్లేదు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సున్నితమైన కణాలుంటాయి. ఒకసారి చచ్చిపోతే అవి మళ్లీ పుట్టవు. జిమ్‌ నుంచి వచ్చాక చెవిలో గుయ్‌మంటున్నా, మాటలు మసకగా వినిపిస్తున్నా అది హెచ్చరికే. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి.

పాట వేరు, దెబ్బ వేరు

పాట గాలిలో ప్రయాణిస్తుంది. కింద పడిన బరువు దెబ్బ మాత్రం శ్లాబు, పిల్లర్ల గుండా పాకి కింది ఇళ్లకు చేరుతుంది. కాబట్టి గోడలకు ఫోమ్‌ అంటించినంత మాత్రాన ఆ దెబ్బ ఆగదు. ఫోమ్‌ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే.

జిమ్‌ నడిపేవారు ఇలా చేస్తే మేలు:

• బరువులెత్తే చోటును వీలైతే కింది అంతస్తులోనే ఉంచాలి. పై అంతస్తయితే మందపాటి రబ్బరు పరచాలి. దానికీ లొంగకపోతే శ్లాబుకు నేరుగా తగలకుండా రబ్బరు దిమ్మెలపై నిలిచే ప్రత్యేక ఫ్లోరింగ్‌ వేయించాలి.

• స్పీకర్లను గోడకు బిగించకుండా కింద రబ్బరు వేసి పెట్టాలి. ఒక పెద్ద స్పీకర్‌కు బదులు చిన్నవి నాలుగు చోట్ల పెడితే తక్కువ శబ్దంతోనే అందరికీ వినిపిస్తుంది.

• అద్దాలు, టైల్స్‌ శబ్దాన్ని తిప్పికొడతాయి. సీలింగ్‌కు గ్లాస్‌ఊల్‌ లాంటి శబ్దాన్ని పీల్చుకునే ప్యానెళ్లు వేయిస్తే రొద తగ్గుతుంది.

• తలుపులు, కిటికీల సందులు మూయాలి. తెల్లవారుజామున బరువులు ఎత్తేసి వదిలేయొద్దని చెప్పాలి.

మీరేం చేయొచ్చు?

చేయి చాచినంత దూరంలో ఉన్నవారితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడి మోత 85 డెసిబెల్స్‌ దాటినట్లే. పాట తగ్గించమని అడగండి. జిమ్‌ పాటను దాటాలని మీ ఇయర్‌ఫోన్‌ శబ్దం ఇంకా పెంచకండి. మోత తప్పదనుకుంటే ఇయర్‌ప్లగ్స్‌ వాడండి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ హద్దు. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రి కిందే లెక్క. అంటే ఐదింటి బ్యాచ్‌కూ రాత్రి హద్దే వర్తిస్తుంది. హద్దుకంటే 10 డెసిబెల్స్‌ లేదా అంతకు మించి ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్‌ యాప్‌తో సుమారు అంచనా తెలుస్తుంది.

ఫిర్యాదుకు ముందు ఒక్కసారి జిమ్‌ యజమానిని మీ ఇంటికి పిలిచి, బరువు పడుతున్నప్పుడు కింద కూర్చుని వినమనండి. పైనున్నవారికి ఆ దెబ్బ ఎంతలా వినిపిస్తుందో తెలియదు. తెలిస్తే చాలామంది రబ్బరు పరవడానికి వెనకాడరు.