పదమూడో పేరు

కబడ్డీ జట్టుకు 12 మంది. కోర్టులోకి దిగేది ఏడుగురు, మిగిలిన ఐదుగురు బయట సిద్ధంగా ఉంటారు. పదమూడో పిల్లవాడు ఎంత బాగా కూతకు వెళ్లినా జాబితాలో చోటుండదు.

ఈ హద్దు ఎందుకు? జట్టు పెద్దదైతే ప్రయాణం, బస, భోజనం ఖర్చు పెరుగుతుంది. పిల్లలు ఎక్కువున్న బడి అలసినవారిని మార్చుకుంటూ పోతే చిన్న బడి నష్టపోతుంది. అయితే చోట్లు తక్కువైనప్పుడు రెండు పనులు వచ్చినవారికే మొగ్గు. 2019 ప్రపంచకప్ క్రికెట్‌కు 15 మందినే తీసుకోవాలి. గుంటూరు బ్యాటర్ అంబటి రాయుడిని కాదని, బౌలింగ్ కూడా వచ్చిన విజయ్ శంకర్‌ను ఎంపిక చేశారు.

బదిలీల మీద తిరిగే మన పిల్లలకు ఈ లెక్క మరీ గట్టిగా తగులుతుంది. బదిలీ ఉత్తర్వు ఆటల పోటీలు చూసుకుని రాదు కదా! పాత ఊళ్లో కెప్టెన్‌గా ఉన్న పాప, జాబితా పంపేశాక కొత్త బడిలో చేరి గీత బయట నిలబడడం మేము ఒక ఊళ్లో చూశాం. ఆ రోజు ఆమెకు ఏం చెప్పాలో మాకు తోచలేదు.

ఇప్పుడు చెబుతున్నాం. చేరిన రోజే వ్యాయామ ఉపాధ్యాయులను కలవండి. కూత వస్తే పట్టు కూడా నేర్చుకోండి. జాబితాలో ఉన్నవాళ్లు కొత్తవాళ్లను సాధనకు పిలవండి.

ఒకప్పుడు మన ఖరగ్‌పూర్ స్టేషన్లో టికెట్లు తనిఖీ చేసిన ధోనీ, 2023లో ఐపీఎల్ గెలిచాడు. రాయుడికి అదే చివరి ఐపీఎల్ ఆట. కప్పు అందుకోవడానికి జడేజాతో పాటు రాయుడినీ ధోనీయే ముందుకు పిలిచాడు.