నష్టపరిహారం నుంచి దోషపరిహారానికి: షికాగో పోలీసు చిత్రహింసల వ్యతిరేకోద్యమం - పరిశీలన

కీలకపదాలు: పోలీసు హింస, జాతివివక్ష, షికాగో, చిత్రహింస, పరిహారం, సామూహిక స్మృతి

1. ఉపోద్ఘాతం

2015 మే 6న అమెరికాలోని షికాగో నగర మండలి ఒక పరిహార శాసనాన్ని ఆమోదించింది. 1972 నుంచి 1991 వరకు జాన్ బర్జ్ అనే పోలీసు అధికారి, అతని కింద పనిచేసిన డిటెక్టివులు సాగించిన చిత్రహింసల బాధితుల కోసం రూపొందిన శాసనమిది. బాధితుల సంఖ్య వందకు పైమాటే. వారిలో దాదాపు అందరూ నల్లజాతివారు. జాతివివక్షతో కూడిన పోలీసు హింసకు ఆ దేశంలో ఒక నగరం ఇటువంటి పరిహారం ప్రకటించడం అదే మొదలు.

తెలుగులో ‘నష్టపరిహారం’ అనే మాట నేటి వాడుకలో డబ్బు చెల్లింపుకే పరిమితమైంది. బాధితుడు ఏమి కోల్పోయాడన్నదే అక్కడ లెక్క. ‘దోషపరిహారం’ అనే మాటలో దోషం చేసినవారి బాధ్యత కూడా ఇమిడి ఉంది. దోషాన్ని ఒప్పుకోవడం, దాన్ని పోగొట్టుకోవడానికి పూనుకోవడం అందులోని అర్థం. షికాగో ఉద్యమం డబ్బుతో ఆగక ఈ రెండో అర్థంలో పరిహారాన్ని కోరిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చిత్రహింసల స్వరూపం

ఈ దారుణాలకు ప్రధాన కేంద్రం నగరపు దక్షిణ భాగంలోని ‘ఏరియా టూ’ పోలీసు కార్యాలయం. చేత్తో తిప్పే విద్యుత్ పరికరంతో షాకులు ఇవ్వడం, ముఖానికి సంచి తొడిగి ఊపిరాడకుండా చేయడం, నోట్లో తుపాకీ పెట్టి బెదిరించడం అక్కడి పద్ధతులు. వీటన్నిటి లక్ష్యం నేరాంగీకార వాంగ్మూలం. అలా రాబట్టిన వాంగ్మూలాల ఆధారంగా కొందరికి మరణశిక్ష కూడా పడింది.

ఇది ఒక అధికారి క్రూరత్వంతో ముగిసే విషయం కాదు. 1982లో ఆండ్రూ విల్సన్ అనే నిందితుడి ఒంటిపై గాయాలు చూసిన జైలు వైద్యాధికారి, విచారణ జరపాలని నగర పోలీసు అధిపతికి లేఖ రాశాడు. ఆ లేఖ ప్రభుత్వ న్యాయవాది కార్యాలయానికీ చేరింది. అయినా బర్జ్‌పై కేసు నమోదు కాలేదు. పోలీసుల మాట, నల్లజాతి నిందితుడి మాట ఎదురెదురుగా నిలిచినప్పుడు మొదటిదే నిజమని భావించే అలవాటు స్టేషను నుంచి న్యాయస్థానం దాకా ఉండబట్టే ఈ హింస రెండు దశాబ్దాలు సాగింది. వ్యవస్థాగత జాతివివక్ష అనే పరిభాషకు ఇక్కడ ఉన్న అర్థం ఇదే.

3. న్యాయస్థానాల పరిధి

విల్సన్ వేసిన సివిల్ దావా 1989లో విచారణకు వచ్చింది. ఆ సమయంలో పోలీసు శాఖలోనే ఎవరో అతని న్యాయవాదులకు ఆకాశరామన్న ఉత్తరాలు రాసి, ఇతర బాధితుల జాడ చెప్పారు. జైళ్లలో ఉన్నవారి తల్లులు, న్యాయవాదులు, పౌరసంఘాలు కలిసి సాగించిన ఆందోళన ఫలితంగా 1993లో బర్జ్ ఉద్యోగం పోయింది. 2003లో ఇల్లినాయ్ గవర్నరు మరణశిక్ష పడిన నలుగురు బాధితులకు క్షమాభిక్ష ప్రసాదించాడు.

బర్జ్‌పై క్రిమినల్ కేసుకు మాత్రం కాలపరిమితి అడ్డు వచ్చింది. చిత్రహింసలు జరిగాయని ప్రత్యేక ప్రాసిక్యూటర్లు 2006లో నిర్ధారించినా, అభియోగం మోపే గడువు అప్పటికే దాటిపోయింది. చివరకు 2010లో అతను దోషిగా తేలింది, చిత్రహింసల గురించి ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పినందుకు, న్యాయప్రక్రియను అడ్డుకున్నందుకు. శిక్ష నాలుగున్నరేళ్లు. పింఛను కొనసాగింది. హింసించినందుకు అతనికి ఏ శిక్షా పడలేదు.

4. ఉద్యమం కోరిన పరిహారం

ఈ తీర్పు మిగిల్చిన వెలితి నుంచే ఉద్యమం కొత్త దారి పట్టింది. బాధితులు, న్యాయవాదులు, కళాకారులు, ఉపాధ్యాయులు కలిసి ‘షికాగో టార్చర్ జస్టిస్ మెమోరియల్స్’ అనే సంస్థను ఏర్పరిచారు. ఈ హింసను నగరం ఎలా గుర్తుంచుకోవాలో ఊహించి స్మారక నమూనాలు పంపమని ప్రజలను ఆహ్వానించారు. ఆ ఆలోచనలే శాసన ముసాయిదాగా పరిణమించి 2013 అక్టోబరులో నగర మండలి ముందుకు వచ్చాయి. 2014లో ‘వి చార్జ్ జెనోసైడ్’ అనే యువజన బృందం ఇందులో చేరింది. నల్లజాతివారిపై జరుగుతున్న హత్యలను విలియం ప్యాటర్సన్, పాల్ రాబ్సన్ ప్రభృతులు 1951లో ఐక్యరాజ్యసమితి దృష్టికి తెచ్చిన వినతిపత్రం పేరునే ఆ బృందం స్వీకరించింది. ఆరు దశాబ్దాల నాటి అభియోగం ఇంకా తీరలేదన్న సూచన ఆ పేరులో ఉంది.

శాసనం 55 లక్షల డాలర్ల నిధిని కేటాయించింది. ఒక్కొక్క బాధితుడికి గరిష్ఠంగా లక్ష డాలర్లు దక్కాయి. దీనితో పాటు నగరం అధికారికంగా క్షమాపణ చెప్పాలి. బాధితులకూ వారి కుటుంబాలకూ మానసిక చికిత్సా కేంద్రం, నగర కళాశాలల్లో ఉచిత విద్య కల్పించాలి. బహిరంగ స్మారకం నిర్మించాలి. ప్రభుత్వ పాఠశాలల్లో 8, 10 తరగతుల విద్యార్థులకు ఈ చరిత్రను బోధించాలి. డబ్బు మినహా మిగిలినవన్నీ నగరాన్ని మాట్లాడించేవి, గుర్తుంచుకొనేలా చేసేవి. స్టేషను గదిలో బలవంతంగా రాయించిన అబద్ధపు వాంగ్మూలానికి సమాధానంగా నగరమే తన వాంగ్మూలాన్ని పాఠ్యాంశంగా రాయవలసి వచ్చింది.

5. రెండు చెల్లింపులు

ఈ భేదాన్ని అదే నగరంలో జరిగిన మరొక చెల్లింపు స్పష్టం చేస్తుంది. 2014 అక్టోబరులో ఒక పోలీసు అధికారి 17 ఏళ్ల లాక్వాన్ మెక్‌డొనాల్డ్‌ను 16 తూటాలతో కాల్చి చంపాడు. 2015 ఏప్రిల్‌లో, అంటే పరిహార శాసనానికి మూడు వారాల ముందు, నగర మండలి అతని కుటుంబానికి 50 లక్షల డాలర్లు మంజూరు చేసింది. కాల్పుల వీడియో మాత్రం ప్రజలకు అందలేదు. న్యాయస్థానం ఆదేశించాకే నవంబరులో అది వెలుగు చూసింది. ఒక కుటుంబానికి ముట్టిన ఆ మొత్తం, బర్జ్ బాధితులందరికీ కేటాయించిన నిధికి దాదాపు సమానం. అయినా అది నష్టపరిహారం మాత్రమే. డబ్బు చేతులు మారింది, నిజం మరుగున ఉండిపోయింది.

6. ముగింపు

ఈ శాసనానికి పరిమితులు ఉన్నాయి. బర్జ్ బృందంతో సంబంధం లేని పోలీసు హింస బాధితులు దీని పరిధిలోకి రారు. పాఠాలు 2017లో తరగతి గదులకు చేరాయి, చికిత్సా కేంద్రం అదే ఏడాది తెరుచుకుంది. స్మారకం మాత్రం ఏళ్ల తరబడి వాగ్దానంగానే మిగిలింది. మెక్‌డొనాల్డ్ ఉదంతం చూస్తే, గతాన్ని ఒప్పుకున్న నగరమే వర్తమానాన్ని దాచగలదని తెలుస్తుంది.

అయినా కాలపరిమితి చట్టం న్యాయస్థానం తలుపు మూసినచోట బాధిత సముదాయం వేరొక తలుపు తెరవగలదని ఈ ఉద్యమం నిరూపించింది. చిత్రహింసల నిరోధానికి సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడికపై 1997లో సంతకం చేసి, నేటికీ ధ్రువీకరించని భారతదేశంలో లాకప్ హింసను అధ్యయనం చేసే పరిశోధకులకు ఈ అనుభవం ఉపకరిస్తుంది. బాధితునికి ఎంత చెల్లించారన్న ప్రశ్నతో పాటు, చెల్లించినవారు ఏమి ఒప్పుకున్నారన్న ప్రశ్నను కూడా వారు పరిశీలించవలసి ఉంది.