అంకెల్లో ఒదిగిన ఆంప్లిఫయర్

ఎలక్ట్రిక్ గిటార్ తీగ కంపనాన్ని పికప్ బలహీనమైన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. దాన్ని పెంచి స్పీకర్‌కు అందించేది ఆంప్లిఫయర్. 1950, 60లలో ఫెండర్, వాక్స్, మార్షల్ ఆంప్‌లలో ఈ పని వాక్యూమ్ ట్యూబులు చేసేవి. వాల్యూమ్ బాగా పెంచినప్పుడు ట్యూబు తన శక్తికి మించిన సంకేతాన్ని మోయలేక తరంగ శిఖరాలను అణచివేస్తుంది. దాంతో అసలు స్వరంలో లేని అదనపు పౌనఃపున్యాలు పుడతాయి. ఇంజనీర్లు లోపమనుకున్న ఈ బొంగురుతనమే రాక్ సంగీతానికి గొంతు అయింది. అయితే అది పలకాలంటే చెవులు చిల్లులు పడేంత మోత తప్పదు.

మోత లేకుండా ఆ ధ్వని రాబట్టే ప్రయత్నాలు అనలాగ్ పరికరాలతో మొదలయ్యాయి. బోస్టన్ బృందపు గిటారిస్టు టామ్ షోల్జ్ 1980ల తొలినాళ్లలో హెడ్‌ఫోన్లతో వినే రాక్‌మ్యాన్‌ను తెచ్చాడు. 1989లో టెక్ 21 సంస్థ శాన్స్‌ఆంప్ వచ్చింది. 1996లో అమెరికాకు చెందిన లైన్ 6 సంస్థ యాక్సిస్ 212 ఆంప్‌తో ఈ పనిని డిజిటల్ ప్రాసెసర్‌కు అప్పగించింది. 1998లో అదే సంస్థ తెచ్చిన, చిక్కుడు గింజ ఆకారంలోని ఎర్రటి పాడ్ ఇంటి రికార్డింగ్ బల్లల మీదికి చేరింది.

ఇలా అసలు ఆంప్ ధ్వనిని లెక్కలతో అనుకరించే మోడలింగ్ ఆంప్ గిటార్ సంకేతాన్ని సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ట్యూబులు, టోన్ నియంత్రణలు, పవర్ విభాగం ఆ సంకేతాన్ని ఎలా మారుస్తాయో సమీకరణాలు లెక్కగడతాయి. చివర్లో స్పీకర్ పెట్టె, దాని ముందున్న మైకు కలిసి ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచుతాయో, ఎంత తగ్గిస్తాయో చూపే ఇంపల్స్ రెస్పాన్స్ చేరుతుంది. ఇది లేకుండా నేరుగా రికార్డు చేస్తే ధ్వని కందిరీగ రొదలా గరగరలాడుతుంది.

స్టీరియో ధ్వని మోడలింగ్‌కన్నా పాతది. 1975 నాటి రోలాండ్ జేసీ-120లో రెండు 60 వాట్ల ఆంప్‌లు, రెండు స్పీకర్లు ఉండేవి. ఒకే స్వరాన్ని పలు వాద్యాలు కలిసి పలికినట్టు వినిపించే కోరస్ ఎఫెక్టు వాటి మధ్య విచ్చుకునేది. మోడలింగ్ వచ్చాక రెండు వేర్వేరు ఆంప్‌ల నమూనాలను ఎడమకొకటి, కుడికొకటి పంపడం ఒకే పెట్టెలో సాధ్యమైంది. ఒక పక్క ధ్వనిని 10 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే చెవికి అది ప్రతిధ్వనిలా కాక వెడల్పుగా తోస్తుంది. కానీ ఒకే స్పీకరున్న ఫోనులో రెండు పక్కలూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు పరస్పరం రద్దయి ధ్వని పలచబడుతుంది. అదే వరసను రెండుసార్లు వాయించి చెరో పక్క ఉంచితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఇంటి రికార్డింగ్‌లో ఎఫెక్టులతో కూడిన ధ్వనితోపాటు ఎఫెక్టులు కలపని శుద్ధ సంకేతాన్నీ వేరే ట్రాక్‌లో భద్రపరుస్తారు. వాయించిన తీరు బాగుండి టోన్ నచ్చకపోతే మళ్లీ వాయించనక్కర్లేదు. ఆంప్ నమూనా మారిస్తే చాలు. కంప్యూటర్‌లో మోడలింగ్ చేసేటప్పుడు బఫర్ పరిమాణం, అంటే ఒక్కో విడతలో కలిపి లెక్కించే శాంపిళ్ల (కొలతల) సంఖ్య, ముఖ్యం. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో 256 శాంపిళ్ల బఫర్ సుమారు 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. స్పీకర్‌కు 1.8 మీటర్ల దూరంలో నిలబడి వాయించడంతో ఇది సమానం.

నమూనా తయారీకి మరో దారీ ఉంది. 2010ల తొలినాళ్లలో జర్మనీ నుంచి వచ్చిన కెంపర్ ప్రొఫైలర్ అనే పరికరం అసలు ఆంప్‌కు పరీక్షా సంకేతాలు పంపి, దాని స్పందన నుంచి నమూనాను రూపొందించింది. న్యూరల్ ఆంప్ మోడలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆ పనిని న్యూరల్ నెట్‌వర్కులతో చేస్తోంది. ఇలా తీసిన నమూనా సాధారణంగా ఆంప్ నాబ్‌ల ఒక్క అమరికకే వర్తిస్తుంది; మరో అమరిక కావాలంటే మరో నమూనా తీయాలి.