బంగారు పాత్ర, వెండి కంచం: అనుమతి ఎంతవరకు?



2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో జరిగిన దొంగతనం మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రాత్రివేళ ఇద్దరు మనుషులు వెంటిలేటర్ గుండా లోపలికి దిగి, వజ్రాలు మొదలైన రత్నాలు పొదిగిన మూడు అరల బంగారు టిఫిన్ డబ్బాను, దానితోపాటు ఒక బంగారు కప్పును, సాసరును, చెంచాను ఎత్తుకొనిపోయారు. ముంబయి చేరి కొనేవారి కొరకు వెదికారు, ఎవరూ దొరకలేదు. తిరిగి వచ్చి కొద్దిరోజులలోనే పట్టుబడ్డారు. వస్తువులన్నీ దొరికాయి. అప్పుడు పోలీసులు వెల్లడించిన రెండు సంగతుల వలననే ఈ శుక్రవారం మేము ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

మొదటిది: ఆ డబ్బాలో నిజాం నవాబు ఎన్నడూ భోజనం చేసి ఉండకపోవచ్చు. దొంగలలో ఒకడు మాత్రం పట్టుబడేవరకు ప్రతిదినం అందులోనే అన్నం తిన్నాడు. రెండవది: అక్కడే ఉన్న బంగారు అట్ట గల ఖుర్ఆన్ ప్రతిని కూడా తీసుకొనిపోదామని వారు అనుకున్నారు, సమీపంలోని మసీదు నుండి తెల్లవారుజామున నమాజు పిలుపు వినిపించేసరికి జంకి, దానిని అక్కడే విడిచి వెళ్లారు. దొంగ గుండెలో సైతం అజాన్‌కు అంత చోటున్నది! ఈ రెండవ సంగతిని మీ ఆలోచనకే విడిచిపెట్టి, మొదటిదానిని గూర్చి కొంత విపులంగా మాట్లాడుకుందాము.

డబ్బా అన్నం పెట్టుకొనేందుకు చేసిన వస్తువు. ఇత్తడిదైనా, స్టీలుదైనా, అల్యూమినియందైనా ఆ పని చేస్తుంది. బంగారంతో చేయించి, రత్నాలు పొదిగించిన తరువాత అది ఆ పని మానివేసింది. అద్దాల వెనుక కూర్చున్నది. దానికి కాపలా కావలసి వచ్చింది. దశాబ్దాల తరువాత చివరికి దానిలో అన్నం తిన్నవాడు దొంగ ఒక్కడే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి మరొక వస్తువు కథ కూడా ఇటువంటిదే. 184.75 కారట్ల జాకబ్ వజ్రం వారి తండ్రి మహబూబ్ అలీ ఖాన్ గారి పాదరక్ష ముందుభాగంలో దొరికిందనీ, దానిని వారు కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవారనీ అందరూ చెప్పుకుంటారు. ఆ పని ఒక గులకరాయి కూడా చేయగలదు. ఆ వజ్రంతో సహా నిజాం నగలలో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది.

గతించిన పాలకునిపై తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. వారి లెక్క వారి ప్రభువు వద్ద ఉన్నది. పైగా న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. అదే నవాబు 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నేటికీ పేదవాని బిడ్డలు చదువుకుంటున్నారు. ఒకే ఖజానా నుండి వెడలిన ధనంలో ఒక భాగం నూరేళ్లుగా పనిచేస్తూనే ఉన్నది. మరొక భాగం అద్దాల వెనుక ఊరక కూర్చున్నది.

సోదరులారా! ఇటువంటి వస్తువులు మన ఉమ్మత్ ముందుకు పెద్దఎత్తున వచ్చినది క్రీ.శ. 637 ప్రాంతంలో, పారశీక చక్రవర్తుల రాజధాని మదాయిన్ ముస్లింల వశమైనప్పుడు. ఆ నగరం నేటి బాగ్దాదుకు చేరువలో టైగ్రిస్ నది ఒడ్డున ఉండేది. దానిలో దొరికిన సంపదలో ఒక తివాచీ ఉన్నది. అరవై మూరల చదరం. శీతకాలంలో పూలు పూయనప్పుడు చక్రవర్తి దానిపై కూర్చుని వసంతాన్ని అనుభవించేందుకు నేయించినది. బంగారు తీగెలు నేలగా, రత్నాలు పూలుగా, కాయలుగా కూర్చబడ్డాయి. దానిని మదీనాకు పంపినప్పుడు ఏమి చేయాలన్న చర్చ వచ్చింది. ఖలీఫా తమ వద్దనే ఉంచుకోవచ్చునని కొందరు సూచించారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం పంచివేయడమే మేలని సలహా ఇచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) దానిని ముక్కలుగా కోయించి ప్రజలకు పంచిపెట్టారు. హజ్రత్ అలీ (రజి) వంతుకు వచ్చిన ముక్క, అన్నింటిలో మేలైనది కాకపోయినా, 20,000 దిర్హములకు అమ్ముడుపోయిందని చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. అంతటి కళాఖండాన్ని కోయడమా అని నేటివారు బాధపడవచ్చు. ఆ బాధ మాకూ అర్థమవుతుంది. కాని ఒక్కరి పాదాల క్రింద పరుచుకున్న ఆ సంపద ఆ దినం ఎందరి ఇళ్లలో రొట్టెగా మారినదో కూడా తలచుకోవాలి.

అదే మదాయిన్‌లో కొంతకాలం తరువాత జరిగిన మరొక సంఘటనను బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ పేర్కొన్నాయి. దైవప్రవక్త (స) సహచరులైన హజ్రత్ హుజైఫా (రజి) మంచినీరు అడిగారు. అక్కడి పారశీక పెద్ద ఒకడు వెండి పాత్రలో నీరు తెచ్చి ఇచ్చాడు. హుజైఫా (రజి) ఆ పాత్రను అతనిపైకి విసిరివేశారు. చుట్టూ ఉన్నవారు నివ్వెరపోయారు. అప్పుడు ఆయన, అంతకుముందే ఇతనిని వారించాననీ, అయినా వినలేదనీ వివరించి, బంగారు వెండి పాత్రలలో త్రాగరాదని, పట్టు ధరించరాదని దైవప్రవక్త (స) నిషేధించారనీ, అవి అవిశ్వాసులకు ఈ లోకంలోనివి, విశ్వాసులకు పరలోకంలోనివి అని బోధించారనీ తెలియజేశారు. ఇక విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం మరింత కఠినమైనది. వెండి పాత్రలో త్రాగేవాడు తన కడుపులో నరకాగ్నిని గుటగుట దింపుకుంటున్నట్లే అన్న భావాన్ని ఆమె దైవప్రవక్త (స) నోట విన్నారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. బంగారు నగలు స్త్రీలకు ధర్మసమ్మతం, పురుషులకు నిషిద్ధం. పురుషునికి వెండి ఉంగరం మాత్రం అనుమతించబడింది. ఈ తేడా అందరికీ తెలుసు. దానిని బట్టి వెండి కంచం కూడా స్త్రీ వాడితే తప్పులేదని అనుకుంటారు. అది సరికాదు. పాత్రల నిషేధం స్త్రీపురుషులకు సమానమని ఇమామ్ నవవీ (రహ్మలై) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో స్పష్టం చేశారు. నగ అలంకారం; పాత్ర అలంకారం కాదు. అంతేకాదు, నిషేధం కేవలం త్రాగే గిన్నెకు పరిమితం కాదని ధర్మశాస్త్రవేత్తలు వివరించారు. చెంచా, సుర్మా పుల్ల, అద్దం, సిరాబుడ్డి, కలం వంటివి బంగారంతోనో వెండితోనో చేసినవైతే వాటిని వాడడమూ ఆ కోవలోకే వస్తుంది. మన దక్కను ఇళ్లలో తరతరాలుగా వచ్చే వెండి పాన్‌దాన్, అత్తర్‌దాన్ సంగతి కూడా దీనిని బట్టి మీరే గ్రహించగలరు.

మరి కెంపులు, పచ్చలు, స్ఫటికం? వీటితో చేసిన పాత్రలను అధికసంఖ్యాక పండితులు నిషిద్ధం అనలేదు, ఎందుకంటే హదీసులో పేర్కొన్నవి బంగారం, వెండి మాత్రమే. అయితే దుబారా (ఇస్రాఫ్) అన్న ప్రశ్న వేరుగా మిగిలే ఉంటుంది. వేడిచేసినా విడిగా రాని పలుచని పూతను హనఫీ పండితులు అభ్యంతరకరంగా పరిగణించలేదు. మిఠాయిపై అంటించే వెండి వరఖును గూర్చి కూడా మమ్మల్ని తరచుగా అడుగుతారు. అది తినే పదార్థమే గాని పాత్ర కాదు. కనుక నిశ్చింతగా తినవచ్చు.

అవసరం వేరు, ఆడంబరం వేరు అన్న విచక్షణను మన ధర్మం ఎన్నడూ విడువలేదు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) అనే సహచరుడు వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన పట్టింది. బంగారంతో చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆయనకు సలహా ఇచ్చారు. పురుషుడే, బంగారమే, అయినా అనుమతి లభించింది. పన్నుకు బంగారు తొడుగు విషయంలో పండితులు ఆధారంగా తీసుకున్నది ఈ హదీసునే. హజ్రత్ అనస్ (రజి) వద్ద భద్రంగా ఉన్న దైవప్రవక్త (స) గారి గిన్నె పగిలినప్పుడు, ఆ పగులును వెండితో అతికించడం జరిగింది. పగిలిన గిన్నెను పారవేయక బాగుచేసుకొని వాడుకునేందుకు వెండి పనికివచ్చింది. దానిలో ఏ దర్పమూ లేదు.

నిషేధానికి కారణమేమిటని పండితులు విచారించారు. గర్వం అన్నారు కొందరు, పేదల హృదయం గాయపడుతుందని అన్నారు మరికొందరు. మాకు అన్నింటికంటే లోతుగా తోచినది ఇమామ్ గజాలీ (రహ్మలై) వివరణ. క్రీ.శ. 1111లో పరమపదించిన ఆ మహాపండితుడు తమ ‘ఇహ్యా’ గ్రంథంలో కృతజ్ఞతను గూర్చి వ్రాస్తూ నాణేల ప్రస్తావన తెచ్చారు. బంగారం, వెండి తమంతట తాముగా తినడానికీ కట్టడానికీ పనికిరావు. గుఱ్ఱానికీ గుడ్డకూ, ధాన్యానికీ కూలికీ మధ్య విలువను తేల్చే న్యాయాధికారులుగా అల్లాహ్ వాటిని ఏర్పరిచాడు. అవి చేతులు మారుతూ ఉండాలి. వాటిని దాచిపెట్టినవాడు న్యాయాధికారిని చెరసాలలో పెట్టినట్లు. వాటితో పాత్రలు చేయించినవాడు అంతకంటే హీనం: ఊరి అధికారిని పట్టుకొని మగ్గం నేయించినట్లు, వీధులు ఊడ్పించినట్లు. నీటిని పట్టి ఉంచేందుకు మట్టి, ఇనుము, రాగి చాలవా అని ఆయన వాదం. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఈ మాట పురానీ హవేలీలోని డబ్బాకు ఎంత చక్కగా అతుకుతుందో చూడండి.

సూరహ్ జుఖ్రుఫ్‌లోని 33 నుండి 35 వరకు గల ఆయతుల భావం కూడా ఇక్కడ గుర్తుచేయదగినది. మానవులందరూ ఒకే మార్గం పట్టిపోతారన్న విషయం లేకపోతే, అవిశ్వాసుల ఇళ్లకు వెండి కప్పులు, వెండి మెట్లు, ద్వారాలు, ఆసనాలు, వాటికి తోడు బంగారు హంగులు కూడా అల్లాహ్ ఇచ్చి ఉండేవాడని అవి తెలుపుతున్నాయి. ప్రభువు దృష్టిలో వాటి విలువ అంత స్వల్పం. ఆ ప్రభువుకు అత్యంత ప్రియమైన ప్రవక్త (స) శరీరంపై ఈతాకు చాప అచ్చులు పడి ఉండగా చూసి హజ్రత్ ఉమర్ (రజి) కంటతడి పెట్టారు. పారశీక, రోము చక్రవర్తుల భోగం ఆయన మనసులో మెదిలింది. తివాచీ కోయించిన ఉమర్ (రజి) ఆ చాపను చూసిన ఉమరే.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాము. బంగారు టిఫిన్ డబ్బా మనలో ఎవరి ఇంటిలోనూ లేదు. వెండి కంచం, వెండి గ్లాసు, పన్నీరు చల్లే వెండి బుడ్డి, అఖీఖా నాడు శిశువుకు కానుకగా వచ్చిన చిన్న గిన్నె, చెంచా మాత్రం చాలామంది బీరువాలలో ఉన్నాయి. పెళ్లిలో వరునికి వెండి కంచంలో వడ్డించకపోతే మర్యాద తక్కువైందని అలిగే వియ్యాలవారూ ఉన్నారు. కూతురు పెళ్లికి అప్పుచేసి ఆ కంచం కొన్న తండ్రి ఈ పంక్తులు చదువుతూ ఉండవచ్చు. ఆయనను నిందించడానికి మాకు నోరు రాదు. అడిగినవారిదే ముందు తప్పు.

ఉన్నవాటిని ఏమి చేయాలి? వాడరాదన్నంతవరకు సందేహం లేదు. శిశువుకు ఆ చెంచాతో తినిపిస్తే శిశువుకు పాపం లేదు, తినిపించిన పెద్దలకు ఉన్నది. వాడకుండా ఉంచుకొనే విషయంలో అభిప్రాయభేదం ఉన్నది: షాఫయీ, హంబలీ పండితులలో అధికులు అదికూడా వారించారు, హనఫీ గ్రంథాలలో కొంత సడలింపు కనిపిస్తుంది. కరిగించి ఇంటి ఆడపిల్లలకు పట్టీలు, గొలుసులు చేయించవచ్చు. అమ్మి వచ్చిన సొమ్మును ధర్మసమ్మతమైన ఏ పనికైనా వెచ్చించవచ్చు. మా నానీ గుర్తు, ఎలా కరిగిస్తాము అనే వారికి మా సలహా: ఆ వెండితోనే మీ బిడ్డకు గాజులు చేయించి నానీ పేరు చెప్పి తొడగండి. బీరువాలో నల్లబడటం కంటే అది మంచి జ్ఞాపకం.

ఉంచుకున్నంతకాలం మాత్రం జకాత్ తప్పదు. పాత్ర రూపంలో ఉన్నది గనుక లెక్కలోకి రాదని అనుకోకండి. వెండికి నిసాబ్ 612.36 గ్రాములు, బంగారానికి 87.48 గ్రాములు; ఏడాది గడిచిన తరువాత నలభైవ వంతు ఇవ్వాలి. ఒక కంచం 400 గ్రాములు, రెండు గ్లాసులు 300, పళ్లెం 500 అనుకుంటే మొత్తం 1200 గ్రాములు. ఏడాదికి 30 గ్రాముల వెండి లేదా ఆ నాటి ధర పేదల హక్కు. హనఫీ విధానంలో ఇంటి ఇల్లాలి వద్ద ఉన్న కొద్దిపాటి బంగారాన్ని, వెండిని విలువకట్టి కలిపి చూడాలి. విడివిడిగా నిసాబ్ చేరలేదని తప్పించుకోవడానికి వీలులేదు. దైవప్రవక్త (స) వద్దకు ఒక స్త్రీ వచ్చినప్పుడు ఆమె కూతురి చేతులకు లావుపాటి బంగారు కడియాలు ఉన్నాయి. వాటికి జకాత్ ఇస్తున్నావా అని ప్రవక్త (స) అడిగారు. లేదన్నది ఆమె. వాటికి బదులు అగ్ని కడియాలు నీకు ఇష్టమేనా అన్న అర్థంలో ప్రవక్త (స) ప్రశ్నించగా, ఆమె అక్కడికక్కడే వాటిని తీసి సమర్పించింది.

గడచిన ఏళ్ల జకాత్ బాకీపడినవారు సిగ్గుపడి ఊరకుండవద్దు. వస్తువులను కంసాలి వద్ద తూయించి, కొన్న సంవత్సరాన్ని ఒక కాగితంపై వ్రాసుకొని, మీ మసీదు ఇమామ్ గారి వద్దకు వెళ్లండి. ఏ ఏటికి ఎంత ఇవ్వవలసి ఉన్నదో వారితో కూర్చుని లెక్క కట్టించుకోండి. ఒకేసారి చెల్లించలేకపోతే కొద్దికొద్దిగా చెల్లించండి.